కోతకు ముందరి ఆట

జీపు కార్వేటినగరం రోడ్డు దిగి మామిడితోటలోకి మళ్లింది. చెట్టు కింద నిలబడ్డ ఎల్లప్పకు ఇక పారిపోవడానికి దారి లేదు.

"మోకాళ్లు పట్టేసినాయని చెప్పేద్దామా?" అన్నాడు భార్యతో.

"చెప్తే ఆ బిడ్డ గతేంది? దాని చదువు పట్టా ఈపొద్దు నీ కాళ్ల మింద ఉండాది," అంది సుబ్బులమ్మ. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెట్టు మొదట్లో బూడిద పోసినాలే. ధైర్యంగా ఆడు పో."

ఆ బిడ్డ పేరు పవిత్ర. తిరుపతిలో చదువు. మామిడి రైతుల ఆచారాల మీద పరిశోధన చేస్తోంది. అప్పుడెప్పుడో కోతల కాలంలో వచ్చి, ఇదే చెట్టు కింద ఎల్లప్ప ఆడిన ఆట చూసింది. ఫోనులో వీడియో తీసింది.

"కోతకు ముందర ఆడేదా తాతా ఇది?" అని కళ్లింత చేసుకుని అడిగింది.

ఆడపిల్ల ముందర ఏం చెప్పాలో తోచక ఎల్లప్ప తలాడించాడు.

ఆ తలాడింపే మెడకు చుట్టుకుంది. ప్రతి కోతకూ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆడించింది. ఆమె రాసిన గ్రంథంలో సగం ఆ ఆటే. పట్టా ఇవ్వాల్సిన ప్రొఫెసర్ దయానంద్ కళ్లారా చూస్తే గానీ నమ్మనన్నాడు. ఆయన నమ్మకపోతే ఇన్నేళ్ల చదువూ మట్టిపాలే.

పవిత్రతో పాటు జీపు దిగిన ప్రొఫెసర్ చెట్టు చుట్టూ తిరిగాడు. బూడిద చూసి వంగాడు.

"ఇది నువ్వు రాయలేదే?"

పవిత్ర మొహం పాలిపోయింది.

"ఈసారే పోసినా సారూ. మంచిదని," అంది సుబ్బులమ్మ.

"శుద్ధి అన్నమాట," అంటూ ఆయన రాసుకున్నాడు.

ఎల్లప్ప తలగుడ్డ విప్పి విసిరేశాడు. తొడలు చరుచుకున్నాడు. ఒంటికాలి మీద గెంతాడు. "అమ్మా! తల్లీ!" అని కేకలు పెడుతూ, పంచె ఎగ్గట్టి చెట్టు చుట్టూ పరుగెత్తాడు. మోకాలు కలుక్కుమంది. ఆగలేదు. ఆఖరికి కాలవలో కూలబడి నెత్తిన నీళ్లు పోసుకున్నాడు.

ప్రొఫెసర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"దూరంగా నిలబడి, అడ్డం పడకుండా చూశావు. పరిశీలన అంటే ఇదమ్మా. పట్టా నీదే. ఏటా నా విద్యార్థులను తీసుకొచ్చి చూపిస్తాను."

"ఏటానా సారూ?" అన్నాడు ఎల్లప్ప తడిపంచె పిండుకుంటూ.

పవిత్ర వచ్చి అతని కాళ్లకు మొక్కింది. ఏడుస్తోంది. ఇక ఈ జన్మకు నోరు విప్పేది లేదని ఎల్లప్పకు అర్థమైంది.

"ఇంతకీ ఈ ఆట నీకు నేర్పిందెవరు పెద్దాయనా?" అడిగాడు ప్రొఫెసర్.

ఎల్లప్ప తలెత్తి చూశాడు. పై కొమ్మన ఆకులు కలిపి కట్టుకున్న గూటిలోంచి, పవిత్ర మొదటిసారి వచ్చిన పూట తన పంచెలోకి దూరిన ఎర్రచీమల సంతతి బారులుగా దిగివస్తోంది.