కాలువ బాటకు మూడు రాళ్ళు

స్ఫూర్తి టేపు పెట్టి రెండుసార్లు కొలిచింది. రాయికీ రాయికీ మధ్య అడుగున్నర. అయ్యమ్మ చక్రాల కుర్చీ వెడల్పు రెండడుగుల పైనే.

ఇంత మంచి బాట వేసి, మొదట్లోనే మూడు రాళ్ళు పాతిన ఆ మహానుభావుడెవడో అని పళ్ళు కొరికింది. ఆమెకు కోపం ముక్కుమీదే ఉంటుంది.

చక్రాల కుర్చీలు, మూడు చక్రాల స్కూటర్లు పోగల పల్లెబాటల జాబితా తయారు చేయడం స్ఫూర్తి ఉద్యోగం. సింధనూరు చుట్టుపక్కల నెల రోజులుగా తిరుగుతోంది. ఎక్కడ చూసినా గుంతలు, బురద. ఈ ఊళ్ళో మాత్రం కాలువ గట్టు వెంట మైలు పొడవున నున్నటి సిమెంటు బాట. ఆ రాళ్ళే లేకపోతే కుర్చీలోనే వరిమళ్ళ దాకా పోయి రావచ్చు.

ఈ ఊరి ముసలామె అయ్యమ్మ రోజూ బడి వదిలే వేళకు కుర్చీ చక్రాలు తిప్పుకుంటూ అక్కడిదాకా వస్తుంది. రాయి మీద చెయ్యి వేసి కూర్చుంటుంది. అవతలి వలస రైతుల క్యాంపు పిల్లలు రాళ్ళ సందులోంచి దూరి పరుగెత్తుతుంటే చూస్తుంది. అందరూ పోయాక వెనక్కి తిరుగుతుంది. కాళ్ళు ఎట్లా పోయాయన్న ప్రశ్న ఫారంలో లేదు కాబట్టి స్ఫూర్తి అడగలేదు.

లోపలికి పోవాలని లేదా అని మాత్రం ఒకరోజు అడిగింది.

"ఎందుకుండదు బిడ్డా. గా మళ్ళల్ల ముప్పై ఏండ్లు నాట్లేసిన. ఒక్కసారి పోయి నీళ్ళల్ల చెయ్యి పెట్టాలనుంటది."

"రాళ్ళు తీపిస్త అవ్వా."

"వద్దు. నాకోసమని ఎవర్నీ అడుగకు."

పెద్దమనుషులంటే భయం కాబోలు అనుకుంది స్ఫూర్తి. పంచాయతీ ఆఫీసుకు పోయింది. అవి అర్జీ మీద పాతిన రాళ్ళని గుమాస్తా అంబరీష్ ఏదో చెప్పబోయాడు. ఎవరి అర్జీ అయితే నాకేమని ఆమె వినిపించుకోలేదు. మూడు వారాలు పై ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, ఉత్తర్వు తెచ్చింది.

గురువారం గడ్డపారలతో ఇద్దరు మనుషులు, వెంట ఫైలు పట్టుకుని అంబరీష్ వచ్చారు. అయ్యమ్మకు ముందుగా చెప్పలేదు. ఆశ్చర్యపోవాలని స్ఫూర్తే కుర్చీ తోసుకుంటూ తీసుకొచ్చింది.

మొదటి పోటు పడగానే అయ్యమ్మ కుర్చీలోంచి ముందుకు ఒరిగి రాయిని రెండు చేతులా వాటేసుకుంది.

"పీకొద్దు బిడ్డా. మళ్ళు చూడకున్నా నేను బతుకుత."

ఆమె ఏడుస్తోంది. గడ్డపారలు ఆగిపోయాయి. అంబరీష్ ఫైల్లోంచి ఒక పాత కాయితం తీసి స్ఫూర్తి చేతిలో పెట్టాడు.

బడి నుంచి తీసుకొస్తున్న మనవరాలిని, ఈ బాట మీదికి దూసుకొచ్చిన మోటారు సైకిలు గుద్ది చంపేసిందనీ, ఆ దెబ్బకే తన కాళ్ళూ పోయాయనీ, ఇంకో బిడ్డకు అట్లా కాకుండా ఇక్కడ రాళ్ళు పాతించమనీ వేడుకుంటున్న ఆ అర్జీ కింద ఉన్న వేలిముద్ర అయ్యమ్మది.