ఎగరకూడని చోట్లు

అడిగి ఎగరేస్తానంది. అక్కడే నరసరాజుకి అనుమానం వచ్చింది.

పెళ్లిళ్లవాళ్లు డ్రోన్లు ఎగరేస్తారు. పార్టీలవాళ్లు ఊరేగింపుల మీద ఎగరేస్తారు. ఎవరూ ఎవర్నీ అడగరు. ఈ అమ్మాయి మాత్రం పొద్దున్నే ఆకివీడు వైపు నుంచి వచ్చి, చేపల చెరువుల గట్టు మీద కారాపి, కనపడ్డవాళ్లందరికీ నమస్కారం పెట్టి మరీ అడుగుతోంది.

"నా పేరు జ్యోత్స్నండి. మాది తాడేపల్లిగూడెం. ఇక్కడ చిన్న డ్రోన్ ఒకటి ఎగరేద్దామనుకుంటున్నానండి. మీకేమైనా అభ్యంతరమా?"

"ఎందుకమ్మా ఎగరెయ్యడం?"

"కొల్లేరు పైనుంచి ఎలా ఉంటుందో తెలుసుకుందామనండి."

నరసరాజు గబుక్కున తన చెరువు వైపు చూశాడు. పైనుంచి ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. పట్టా ఉన్న పదెకరాల చెరువు. దానికి ఆనుకుని, పట్టా లేని పద్దెనిమిదెకరాల చెరువు. పోయిన వేసవిలో పొక్లెయిన్ పెట్టి సరస్సులోకి తవ్వించిందే అది. అధికారుల కంటబడితే గట్టు కొట్టేస్తారు. ఇంకో నెలలో పట్టాల్సిన చేపంతా కొల్లేటి పాలవుతుంది. ఊళ్లో చాలామందిది ఇదే సంగతి. పైగా డ్రోన్లతో సర్వే చేయిస్తారని వారం రోజులుగా ఒకటే పుకారు.

"అడక్కుండా ఎగరేస్తే నిన్నెవరాపారమ్మా?" అన్నాడు కూపీ లాగుతూ.

"నాలుగేళ్లు లండన్‌లో ఇదే పనండి. అక్కడ జనం నెత్తి మీద ఎగరెయ్యకూడదు. ఒకళ్ల కిటికీ ఎదురుగా ఆపకూడదు. పార్కులో పక్కవాళ్లు ఇబ్బందిగా ఉందంటే సారీ చెప్పి దించెయ్యాలి. ఆ అలవాటు పోలేదండి."

బావమరిది వీరేంద్ర ఫోనులో వెతికి, నరసరాజు చెవిలో ఊదాడు.

"నిజవేనండి బావా. అక్కడి మర్యాదలు అలాగే ఉన్నాయంట."

"ఆ మర్యాదలకి కొల్లేట్లో ఏం పనిరా?"

ఈలోగా జ్యోత్స్న పెట్టె తెరిచింది. డ్రోన్ జుమ్మని రోడ్డు మీద తాటిచెట్టెత్తు లేచింది. గట్ల మీద ఉరుకులు మొదలయ్యాయి. ఒకడు నీళ్లు తోడే ఇంజిను మీద టార్పాలిన్ కప్పాడు. పక్క చెరువు హెన్రీ అయితే, తన మొహం కనపడకపోతే చెరువు కూడా కనపడదన్నట్టు, తలమీంచి తువ్వాలు కప్పుకున్నాడు.

"దించమ్మా! ముందది దించు!" నరసరాజు కేకేశాడు.

వెంటనే దించేసింది. "సారీ అండి" అంది కూడా.

ఆ సారీ ఆయన్ని ఇంకా భయపెట్టింది.

"ఓ పని చేద్దామండి" అంది జ్యోత్స్న, కారులోంచి కాగితాల కట్ట తీస్తూ. "నోటిమాటయితే నేను మర్చిపోవచ్చు. అభ్యంతరం ఉన్నవాళ్లు పేరు రాసి, ఎక్కణ్ణించి ఎక్కడిదాకా ఎగరకూడదో పటం గీసి సంతకం పెట్టండి. ఆ హద్దులోకి రాను. గియ్యని చోట మాత్రం ఎగరేసుకుంటాను."

"నాకేం అభ్యంతరం లేదమ్మా" అంది మార్తమ్మ వల బాగుచేసుకుంటూ. "నాది అరెకరం చెరువు. పట్టా ఇంట్లో పెట్టెలో ఉంది. మా కోళ్లు బెదరకుండా ఎగరేసుకో."

"పోన్లే మార్తమ్మా, నీ చెరువు లండన్‌లో చూపిస్తారు" అన్నాడు నరసరాజు.

"చూపిత్తే చూపిత్తారండి. పొద్దెక్కకుండానే మీకెందుకండి రాజుగారూ అన్ని చెమటలు?"

నరసరాజు చెమట తుడుచుకున్నాడు. కాగితం తీసుకుని, తెలివిగా పట్టా ఉన్న పదెకరాలే గీశాడు.

వీరేంద్ర కాగితంలోకి తొంగిచూశాడు. "కొత్తది వదిలేశారేంటండి? గియ్యని చోట ఎగరేస్తానందిగా!"

నరసరాజు కాగితం మళ్లీ ముందుకి లాక్కున్నాడు. గబగబా గీత పొడిగించాడు. పాత గట్టు నుంచి తూర్పుకి నాలుగొందల గజాలు, ఉత్తరానికి రెండొందల ఇరవై. ఒక్క గజం తగ్గినా ఆ సందులోంచి దూరిపోద్దేమోనని ఇంకోసారి కొలతలు సరిచూశాడు. సంతకం పెట్టాడు. రేపు ఈ పిల్ల మాట తప్పితే సాక్ష్యం ఉండాలని ఆ కాగితానికి ఫోనుతో ఫొటో కూడా తీసుకున్నాడు.

ఆ తర్వాత ఊరంతా ఎగబడింది. నరసరాజే దగ్గరుండి గీయించాడు.

"ఏవయ్యా హెన్రీ, డ్రెయిన్ అవతల మొన్న కలుపుకున్న ముక్క ఏదీ?"

"అదీ గియ్యాలాండి?"

"గియ్యకపోతే నీ కొంపే కాదు, పక్కనున్న నా కొంపా మునుగుద్ది. గియ్యి!"

మధ్యాహ్నానికి కాగితాలన్నీ నిండాయి. ఎగరెయ్యడానికి మార్తమ్మ అరెకరం తప్ప జాగా మిగల్లేదు. జ్యోత్స్న దాని మీదే మూడు నిమిషాలు ఎగరేసింది. మార్తమ్మ ఇచ్చిన మజ్జిగ తాగింది. అందరికీ పేరుపేరునా థాంక్స్ చెప్పి కారెక్కింది.

కారు మలుపు తిరిగేదాకా అందరూ గట్టు మీదే నుంచుని చూశారు. ఆనక ఒకటే నవ్వులు.

"సర్వే పిల్లేనంటారా బావా?" అన్నాడు వీరేంద్ర.

"ఎవరైతే మనకేంట్రా? ఒక్క చెరువు మీదికైనా రానిచ్చామా?" నరసరాజు మీసం దువ్వాడు. "మర్యాదస్తుల్ని ఆపడం మహా తేలిక. వద్దంటే చాలు." అందరికీ సోడాలు తెప్పించాడు.

సాయంత్రం ఏలూరులో, కొల్లేరు ఆక్రమణల సర్వే ఆఫీసులో, జ్యోత్స్న ముప్పై ఏడు అభ్యంతర పత్రాలు పటాలతో సహా పై అధికారి బల్ల మీద పెట్టి, "కొలతలేసి, సంతకాలు పెట్టి మరీ ఇచ్చారు సార్, ఇక మన డ్రోన్‌కి కెమెరా కొనక్కర్లేదు" అంది.