ఎండుబోరు మీద పరీక్ష

“నరసింహం చేతిలో కాయ ఎట్ల లేచి నిలబడిందో చూసినావా! బోరుబండిని ఆడికే పిలుస్తా,” అన్నాడు వెంకటసుబ్బయ్య.

త్రిపురాంతకం దగ్గర ఆయన బత్తాయి తోట ఎండిపోతోంది. ఇంకొక్క బోరు వేయించే ఓపికే మిగిలింది ఆయనకు. అదీ పడకపోతే చెట్లు కొట్టేయాల్సిందే. అందుకే నీళ్లు చూసేవాళ్లను ఇద్దరిని పిలిపించాడు. నీళ్లున్న చోట నరసింహం అరచేతిలో కొబ్బరికాయ లేస్తుందట. యల్లయ్య పట్టుకున్న వేపపంగ, అంటే రెండుగా చీలిన వేపకొమ్మ, వంగుతుందట.

గట్టు మీద కూలబడ్డ కూతురు సుచరితకు ఒళ్లు మండింది. ఆమె మార్కాపురంలో స్టాటిస్టిక్స్ లెక్చరర్. ఏ టెస్టుకు పి వాల్యూ చిన్నగా వస్తే అదే మేలైన టెస్టని థీసిస్ రాసి, గైడు చేత చీవాట్లు తిని నిన్ననే వచ్చింది.

“నేను చేసిన తప్పే నువ్వూ చేస్తన్నావు నాయనా. పి వాల్యూ చిన్నగా వచ్చిందంటే, తేడా ఉందని ఆ టెస్టు గట్టిగా చెప్పినట్టు. గట్టిగా చెప్పిందల్లా నిజమైపోద్దా? తేడా లేదని ముందే తెలిసిన చోట పెట్టి చూడమన్నాడు మా సారు. ఆడ కూడా ఉందంటే, ఆ టెస్టు పనికిరాదంట.”

“అయితే ఇప్పుడేం చేద్దామంటావు?”

“మన్ను కప్పేసిన మన ఎండుబోరు ఉందిగా. వాళ్లకు చెప్పకుండా ఇద్దరినీ దాని మీద నడిపిద్దాం.”

ఎండుబోరు మీద నరసింహం కాయ నిటారుగా లేచింది. యల్లయ్య పంగ ఉలకలేదు, పలకలేదు.

“యల్లయ్య మామను నమ్మొచ్చు,” అంది సుచరిత. చాలా రోజులకు ఆమె మొహం కాస్త తేటపడింది.

అది ఎండుబోరని తెలియగానే నరసింహం కాయను సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. యల్లయ్య తోటంతా తిరిగాడు. పంగ ఎక్కడా వంగలేదు.

“లేదు బావా. నీ భూమిలో చుక్క లేదు.”

వెంకటసుబ్బయ్యకు వాదించే శక్తి కూడా లేదు. “సరేలేమ్మా. రేపు రంపం పెట్టిస్తా,” అన్నాడు. సుచరితకు ఏడుపొచ్చింది. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పే పంగ కదా, ఏం చేస్తుంది?

పక్క చేలో రంగనాయకమ్మ బోరు దండిగా పారుతోంది. యల్లయ్య కాళ్లు కడుక్కోవడానికి అటు నడిచాడు. తండ్రి మనసులో అనుమానం మిగలకూడదని సుచరిత ఆయన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది.

“మామా, ఈడ ఒక్కసారి పంగ పట్టు. ఎట్ల వంగుద్దో మా నాయన కూడా చూస్తాడు.”

“దానికేముంది పాపా,” అంటూ యల్లయ్య పంగ పట్టుకుని నిలబడ్డాడు.

పైపు నిండా నీళ్లు దూకుతున్న ఆ బోరు పక్కన కూడా పంగ కదల్లేదు.