ఏమో ఆంటీ

"వేలు పెట్టకండి ఆంటీ, పట్టేస్తుంది!"

స్మృతి ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి తీసుకుంది. కిచెన్ నేలంతా బురద నీళ్ళు. బకెట్లో రొయ్యకీ పీతకీ పుట్టినట్టున్న ప్రాణి ఒకటి, పట్టకారుల్లాంటి చేతులు రెండూ పైకెత్తి యుద్ధానికి సిద్ధంగా ఉంది.

"ఏంటిది దియా?"

"క్రేఫిష్. వెనకాల క్రీక్‌లో పట్టా. మనం పెంచుకుందామా?"

ఆ 'మనం'లో తనూ ఉందని అర్థమయ్యేసరికి స్మృతికి ప్రాణం లేచొచ్చింది. చక్రపాణిని పెళ్ళి చేసుకుని ఆమె అమెరికాలోని నేపర్‌విల్ వచ్చి రెండు నెలలైంది. అతనికిది రెండో పెళ్ళి. మొదటి పెళ్ళి తాలూకు కూతురు దియకి తొమ్మిదేళ్ళు. ఈ రెండు నెలల్లో ఆ పిల్ల నోటి నుంచి స్మృతి విన్నవి ఓకే, నో, థాంక్యూ. దోసెలు వేసి పెట్టింది, జడ వేస్తానంది, బొమ్మలు కొనిచ్చింది. ఏదీ పని చెయ్యలేదు. "బలవంతం చెయ్యకు, తనే వస్తుంది," అంటాడు చక్రపాణి. ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పడు.

"తప్పకుండా పెంచుకుందాం. ఎలా పెంచాలో తెలుసా నీకు?"

"ఏమో ఆంటీ," దియ భుజాలెగరేసింది. "మీరే చెప్పాలి."

ఇంకేం కావాలి! స్మృతి నడుం బిగించింది. చక్రపాణి గరాజ్‌లోంచి పాత గాజు తొట్టె ఒకటి మోసుకొచ్చాడు, మూతకి క్లిప్పులతో సహా. ఎప్పుడో చేపలు పెంచి ఉంటారు కాబోలనుకుంది స్మృతి.

"ఇక నన్నేం అడక్కండి, మీరూ మీరూ చూసుకోండి," అంటూ అతను కాఫీ కప్పుతో ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

"నీళ్ళలో ఉప్పు కలపాలేమో," అంది స్మృతి. కాకినాడ మనిషి, సముద్రమే గుర్తొచ్చింది.

"ఏమో ఆంటీ. క్రీక్ వాటర్ సాల్టీగా ఉండదు కదా?"

"అవును సుమా, వాగు నీళ్ళు కదా! వద్దులే." తొట్టె తీసుకెళ్ళి ట్యాప్ కింద పెట్టబోయింది.

"ట్యాప్ వాటర్‌లో క్లోరిన్ ఉంటది కదా ఆంటీ. వాడికి ఏం కాదా?" దియ అమాయకంగా అడిగింది.

స్మృతి ఫోన్‌లో వెతికింది. అవుతుందట! క్లోరిన్ విరిచే మందు కోసం పరుగున పెట్ షాప్‌కి వెళ్ళొచ్చింది. దియని రమ్మంటే హోంవర్క్ ఉందంది. తర్వాత ఎన్నిసార్లు షాప్‌కి రమ్మన్నా ఆ పిల్లకి హోంవర్కే.

క్రేఫిష్‌కి భీముడని పేరు పెట్టారు. ఆఫీసు లంచ్ బ్రేక్‌లో స్మృతి వీడియోలు చూసేది, సాయంత్రం దియకి అప్పజెప్పేది. దాక్కోవడానికి విరిగిన పూలకుండీ ఉండాలంది. బఠాణీలు ఉడికించి వెయ్యాలంది. మూత క్లిప్పులు పెట్టకపోతే వాడు పారిపోతాడంది.

"నిజమా! మీకివన్నీ ఎలా తెలుసు?" అని దియ కళ్ళు పెద్దవి చేసుకుని వినేది.

భీముడి పుణ్యమా అని కబుర్లు తొట్టె దాటి స్కూల్ దాకా వెళ్ళాయి. ఫ్రెండ్‌తో గొడవలు, మ్యాథ్ టీచర్ నడక, ఊగుతున్న పన్ను, అన్నీ ఆ తొట్టె ముందే తెలిశాయి స్మృతికి.

ఒకరోజు పొద్దున్నే బెడ్‌రూం తలుపు దబదబా మోగింది.

"ఆంటీ! భీముడు చచ్చిపోయాడు!"

స్మృతి పరుగెత్తుకొచ్చింది. తొట్టెలో ఒక మూల భీముడు వెల్లకిలా పడి ఉన్నాడు. దియ రెండు చేతులతో కళ్ళు మూసుకుని వేళ్ళ సందుల్లోంచి ఆమె వైపే చూస్తోంది. ఈ పిల్లకి ఇప్పుడేం చెప్పాలి? మూత తీసింది. అప్పుడు గుర్తొచ్చింది, మొన్నటి వీడియో!

"ఆగు ఆగు! ఇది భీముడు కాదు, కుబుసం! పాము విడుస్తుందే, అలాగ." పూలకుండీ పెంకు పక్కకి జరిపింది. వెనకాల భీముడు మెత్తగా, కొత్తగా, కాస్త పెద్దగా నక్కి కూర్చున్నాడు. "ఈ డొల్ల తియ్యకూడదు, వాడే తింటాడు. బలం!"

"యూ సేవ్డ్ హిమ్!" దియ గట్టిగా వాటేసుకుంది.

స్మృతి కళ్ళు తుడుచుకుంది. గెలిచేశాను అనుకుంది.

ఆ శనివారం భీముడికి మేత కొనడానికి పెట్ షాప్‌కి వెళ్ళింది. షాప్ నడిపే పెద్దావిడ పలకరించగానే ఆగలేక కథంతా చెప్పేసింది. "పాపం, మా అమ్మాయికి వీటి గురించి ఏమీ తెలీదండీ. అన్నీ నేనే నేర్పుతున్నాను." మా అమ్మాయి అని పైకి అనడం అదే మొదటిసారి. ఆ సంతోషంలో ఫోన్ తీసి, తొట్టె పక్కన నిలబడ్డ దియ ఫోటో చూపించింది.

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుంది. భీముణ్ణి వదిలేసి, పక్కనున్న పిల్లని చూసి పకపకా నవ్వింది.

"నాకు క్రేఫిష్‌ల గురించి నేర్పిందే ఈ దియ!"