వరుసలో చివరి అంకె

కొత్త యూనిఫాం మడత నలగకుండా ఆ అమ్మాయి సైనికుల సమాధుల దగ్గరికి చేరేసరికి చీకటి పడింది.

"ఐదు నిమిషాలేనమ్మా, తాళం వెయ్యాలి," అన్నాడు గేటు దగ్గర కాపలాదారు.

ఆ వరుసలో ఇరవై మూడు సమాధులు. చివరిది తాతయ్యది. దాని పక్కన నిలబడి సెల్యూట్ కొట్టింది.

"తాతయ్యా, నేనూ సైన్యంలో చేరాను!"

వరుసకి ఆ చివర ఎవరో "ఒకటి" అన్నారు.

కాపలాదారేమో అనుకుంది. ఆయన గేటు దగ్గరే తాళంచెవులు గలగల్లాడిస్తున్నాడు.

"రెండు." ఇంకాస్త దగ్గరగా, "మూడు."

పరేడ్‌లో ఎవరి అంకె వాళ్లు అరవాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటినుంచే. ఆర్నెల్ల శిక్షణలో ఆమె ఒంటికి పట్టిన పాఠం అది.

అంకెలు ఒక్కో రాయీ దాటుకుంటూ వస్తుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కాళ్లు మాత్రం కదల్లేదు.

"ఇరవై మూడు." అమ్మమ్మ మురిసిపోతూ చెప్పే తాతయ్య జీర గొంతే.

తర్వాత నిశ్శబ్దం. స్తంభం మీద జెండా తాడు చప్పుడు కూడా ఆగిపోయింది. వరుస వరుసంతా ఎదురుచూస్తోంది.

ఆమెకి నవ్వొచ్చింది, కళ్లు చెమర్చాయి, ఛాతీ పొంగింది. మడమలు దగ్గరికి చేర్చి, ఊరంతా వినపడేలా అరిచింది.

"ఇరవై నాలుగు!"