ఎదురింటి కత్తెర చప్పుడు

టక్... టక్... టక్.

"షురూ చేసిండు ముసలోడు!"

యుగంధర్ విసుగ్గా లేచి పరదా లాగాడు.

రెజిమెంటల్ బజార్‌లోని ఆ సన్నటి గల్లీలో, ఎదురు కిటికీ దర్జీ ఫకీర్‌ది. రోజూ పొద్దున్నే కిటికీ ఊచల మీద కత్తెరతో కొడతాడు. యుగంధర్ పరదా తీసేదాకా ఆపడు. తీశాక ఓ చూపు చూసి, దగ్గుకుంటూ లోపలికి పోతాడు.

యుగంధర్‌కు కరోనా పాజిటివ్ అని తెలిసిన రోజే ఇంటి ఓనరు ధర్మరాజు గదికి బయట నుంచి తాళం వేశాడు.

"నెగెటివ్ వచ్చినంక తీస్త తమ్మీ. ఏమనుకోకు."

అన్నం కూడా కిటికీలోంచి తాడు కట్టి దింపిన బుట్టలోనే.

మూడో రోజు ఆ బుట్టలో ఓ చీటీ వచ్చింది. ఒంటరిగా చిక్కుకున్నవాళ్లు మాట్లాడుకునే వాట్సాప్ గ్రూపులో చేర్చే నంబరు. అసలు పేర్లు చెప్పకూడదు, అదొక్కటే నియమం.

"రూం నంబర్ 6" అని చేరాడు యుగంధర్.

మొదట పలకరించింది "ఉస్మానియా బిస్కెట్".

"గిదేం పేరు?"

"చాయ్‌ల ముంచితే విరుగుత. గందుకే."

"నాలుగు గోడలూ మీదికొస్తున్నయ్ బిస్కెట్."

"గోడలకు పేర్లు పెట్టు. తిట్టనీకి పనికొస్తయ్."

ఒక గోడకు ధర్మరాజు పేరు పెట్టాడు యుగంధర్. ఇంకోదానికి ఫకీర్ పేరు.

పదో రోజు మధ్యాహ్నం అతను మెసేజ్ పెట్టాడు.

"ఇగ నా వల్ల కాదు. నేను లేకుంటే ఎవరికి నష్టం?"

జవాబు వెంటనే వచ్చింది.

"నాకు. రేపు పొద్దుగాల నువ్వు లేచినవని నాకు తెల్వాలె. మాటియ్యి."

యుగంధర్ రాశాడు. "ఇచ్చిన."

మర్నాడు పొద్దున, టక్ టక్ టక్. పరదా తీయలేదు. అరగంటైనా ఆగలేదు. మధ్యలో దగ్గు.

యుగంధర్ ఫోన్ తీసి హెల్ప్‌లైన్‌కు చేశాడు.

"మా ఎదురింట్ల ముసలాయన దగ్గుతుండు. బీమారి దాస్తుండు. తీస్కపోండి."

గంటలో అంబులెన్స్ వచ్చింది. పరదా సందులోంచి చూశాడు. ఫకీర్ ఎక్కనంటున్నాడు. మళ్లీ లోపలికి పోతానని పెనుగులాడుతున్నాడు. చివరికి మూసి ఉన్న ఈ పరదా వైపు చూస్తూ ఎక్కాడు.

"పీడ పోయింది," అనుకుని మెసేజ్ పెట్టాడు.

"లేచిన బిస్కెట్. మాట నిలబెట్టుకున్న."

జవాబు రాలేదు. ఆ రోజూ, ఆ మర్నాడూ.

అయిదు రోజుల తర్వాత నెగెటివ్ వచ్చింది. తాళం తీశారు. కిందికి దిగితే ఫకీర్ మనవరాలు అఫ్రీన్ కుట్టుమిషన్ బయటికి లాగుతోంది.

"తాత ఎట్లున్నడు?"

"మొన్న దవాఖానలనే పానం ఇడిసిండన్నా."

మిషన్‌కు ఓ చెయ్యి వేద్దామని లోపలికి వెళ్లాడు. కిటికీ చెక్క మీద దర్జీ సుద్దతో పది గీతలు.

"ఇవేంది?"

"నీ పరదా తెరిస్తె రోజుకో గీత కొట్టెటోడు. నీ బుట్టల చీటీ సుత తాతనే ఏయమన్నడు. ఎవరని చెప్తే నువ్వు శరమ్ పడి మాట్లాడవంట."

ఆమె మూలనున్న తాత పాత ఫోన్‌కు ఛార్జర్ గుచ్చింది.

"దీనికోసమే ఆ రోజు అంత లొల్లి. ఎవరో లేచిండో లేదో చూడాలె, ఒక్క నిమిషం ఆగుండ్రి అన్నడు. వాళ్లు ఆగలే."

తెర వెలిగింది. ఫోన్ ఆగకుండా మోగింది. ముప్పై ఒక్క మెసేజ్‌లు, అన్నీ "రూం నంబర్ 6" నుంచే.