నెర్రెలో కాపురం

మధ్యాహ్నం. ఎండ మండుతోంది, ఆకు కదలడం లేదు. ఎర్రమట్టి గట్టు మీద తల్లెలుక బొరియ తవ్వుతోంది. గట్టినేల, గోళ్లు అరిగిపోయాయి. ఇద్దరు పిల్లలకు సరిపడా చోటే తయారైంది. ఉన్నది నలుగురు.

కింద నల్లరేగడి చేలోంచి మరిది ఎలుక నవ్వాడు. "ఎందుకొదినా ఈ కష్టం? ఇక్కడ నెర్రెలన్నీ ఎవరో కట్టించి ఇచ్చిన గదులే. దొడ్డికి కూడా గొయ్యి తవ్వక్కర్లేదు!"

"రేగడి ఎండకు విచ్చుకుంటుంది, తడిస్తే ఉబ్బి మూసుకుంటుంది మరిదీ. నీళ్లు ఇంకవు."

"మబ్బు తునకే లేదు! నీ గోళ్లు మళ్లీ మొలిచేదాకా పిల్లల్ని ఎండబెడతావా?"

తల్లి అలిసిపోయి ఉంది. ఈ ఒక్క పూటకే అనుకుని నలుగురినీ పంపింది.

సాయంత్రం వాన దంచింది. నీళ్లు ఇంకక దొడ్డిమూల మురికి తేలి గదుల్లోకి వచ్చింది. తర్వాత మట్టి ఉబ్బింది. నెర్రెలు మూసుకోసాగాయి.

అందరికంటే ముందు మరిది గట్టెక్కాడు. "ఇంత వానొస్తుందని ఎవరనుకున్నారొదినా?"

తల్లి గట్టు అంచున నిలబడి లెక్కపెట్టింది. పెద్దవాడు వచ్చాడు. రెండోది వచ్చింది, ఒళ్లంతా బురదే. మూడోవాడు వచ్చాడు.

చీకటి పడేదాకా చూసి, మళ్లీ పెద్దవాడి దగ్గర్నుంచి లెక్కపెట్టింది.